మనిషిలో వాటాలు

మనిషి తన్ను తాను అమ్ముకోవచ్చునా అన్న ప్రశ్న కొత్తది కాదు. హరిశ్చంద్రుడు కాశీ వీథిలో ఆలిని అమ్మి, చివరకు తన్ను అమ్ముకున్నాడు. మన పద్యనాటకాలవాళ్లు ఆ ఘట్టాన్ని తెల్లవార్లూ ఆడారు, జనం కన్నీళ్లు పెట్టుకుని చూశారు. ధర్మరాజు తన్ను తాను పందెం ఒడ్డి ఓడిపోయాడు. ఈ రెండు కథల్లోనూ పోయినవాడు మొత్తంగానే పోయాడు. మనిషిలో పావువంతు పోయి ముప్పాతిక మిగలటమనేది మన పురాణకర్తలకు తట్టలేదు. ఆ సదుపాయం కనిపెట్టినది పెట్టుబడిదారీ సమాజం. కంపెనీని వాటాలుగా విడగొట్టి అమ్మటం నేర్చిన తరవాత మనిషిని మాత్రం ఎందుకు విడగొట్టకూడదన్న ఆలోచన రావటం సహజమే.

పోకర్ అనే పేకాటలో ఈ పని బాహాటంగా జరుగుతున్నది. టోర్నమెంటుకు పోయే ఆటగాడు, “ఈ పోటీలో నాలో పది శాతం అమ్ముతున్నాను, ఎవరు కొంటారు?” అని అడుగుతాడు. కొన్నవాడు ప్రవేశరుసుములో తన వంతు చెల్లిస్తాడు. ఆటగాడు గెలిస్తే గెలుపులో పదోవంతు అతనిది, ఓడితే పెట్టిన సొమ్ము పోయినట్టే. ఈ అమ్మకంలో నీతి ఏమిటి, అవినీతి ఏమిటి అన్నది ఈ వ్యాసంలో విచారించదలిచిన విషయం.

జూదగాళ్ల నీతి గురించి అభ్యుదయవాదులు చర్చించటమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. దొంగలు దోచుకున్నది న్యాయంగా పంచుకున్నారా లేదా అని తర్కించటం లాంటిది కాదా ఇది అనవచ్చు. ఈ ఆక్షేపణలో బలమున్నది. దానికి సమాధానం చెప్పకుండా తప్పించుకోవటం నా ఉద్దేశం కాదు. అయితే ముందు విషయమేమిటో తెలుసుకుందాం.

1

అమెరికాలోని లాస్ వేగాస్‌లో 1970లో బెన్నీ బినియన్ అనే జూదశాల యజమాని పోకర్ ప్రపంచపోటీ మొదలుపెట్టాడు. 1972 నుంచి ప్రధానపోటీ ప్రవేశరుసుము పది వేల డాలర్లు. 2003లో దాన్ని గెలిచిన క్రిస్ మనీమేకర్ టెనెసీ రాష్ట్రానికి చెందిన ఒక గుమాస్తా తరహా లెక్కల ఉద్యోగి. వంద డాలర్లు కూడా లేని చిన్న పోటీలో గెలిచి పెద్దపోటీలో చోటు సంపాదించాడు. ఆట మొదలు కాకముందే తన గెలుపులో పెద్ద వాటాను తండ్రికీ ఒక మిత్రుడికీ అమ్మాడు. చివరకు ఇరవై అయిదు లక్షల డాలర్లు గెలిచాడు. ఆ సంవత్సరం పోటీలో దిగినవారు 839 మంది. 2006 నాటికి వారి సంఖ్య 8,773. వేలకు వేలు గుమాస్తాలూ, విద్యార్థులూ తామూ మనీమేకర్‌లం కావచ్చుననుకున్నారన్నమాట.

వాటాలు అమ్మవలసిన అవసరం ఈ ఆట స్వభావంలోనే ఉన్నది. పెద్ద టోర్నమెంటులో నూటికి పదిహేను మందికి అటూ ఇటూగా బహుమానం దొరుకుతుంది, మిగతావాళ్లు ఉత్తచేతులతో పోతారు. ఆ బహుమానాల్లో కూడా సింహభాగం మొదటి నలుగురైదుగురికే దక్కుతుంది. ఎంత నేర్పరి అయినా వరసగా నెలల తరబడి ఓడిపోవటం ఇందులో వింత కాదు. నేర్పుకు ఫలితం వందల పోటీల మీద గాని తేలదు, ఆకలి మాత్రం పూటపూటకూ వేస్తుంది. ఈ రెంటి మధ్యా ఉన్న ఎడాన్ని పూడ్చుకోటానికే ఆటగాడు తన అదృష్టంలో కొంత భాగం ఇతరులకు అమ్మి, వాళ్ల సొమ్ముతో నిలదొక్కుకుంటాడు. 2012లో పది లక్షల డాలర్ల రుసుముతో ఒక పోటీ పెట్టారు. నలభై ఎనిమిది మంది ఆడారు. గెలిచిన ఆంటోనియో ఎస్ఫాండియారీకి ప్రకటించిన బహుమానం కోటీ ఎనభై మూడు లక్షల డాలర్ల పైమాటే. అందులో ఎక్కువ భాగం అతనిది కాదు, అతనిలో వాటాలు కొన్నవాళ్లది. పత్రికలు అచ్చువేసిన విజేత ఒక్కడే. లాభం పంచుకున్నవాళ్లు తెర వెనక ఉన్నారు.

2

దీని గురించి రెండు రకాల సమాధానాలు తేలికగా దొరుకుతాయి.

మొదటిది సనాతనుడిది. జూదం పాపం, తన్ను తాను అమ్ముకోవటం అంతకన్నా నీచం, గనక ఇందులో విచారించవలసింది లేదంటాడు. ఈ మాట అనేవాడు నెల మొదటి తారీఖున జీతం పుచ్చుకునే ఉద్యోగి అయివుంటే అతన్ని ఒక ప్రశ్న అడగాలి: నెలంతా నువ్వు అమ్మినది ఏమిటి? మార్క్స్ ఈ ప్రశ్నను ఎంతో స్పష్టంగా విడమర్చాడు. కార్మికుడు తన శ్రమశక్తిని నిర్ణీతకాలానికి మాత్రమే అమ్ముతాడు. ఒక్కసారిగా, శాశ్వతంగా అమ్మితే అతను సరుకు యజమాని కాకుండా పోయి తానే సరుకవుతాడు, అంటే బానిస అవుతాడు. ఆ గీటు వేసి చూస్తే పోకర్ ఆటగాడు అమ్మేది కార్మికుడు అమ్మేదానికన్నా తక్కువే. కొన్నవాడికి ఆటగాడి మీద ఎనిమిది గంటల అధికారం కూడా లేదు. ఏ ముక్క వెయ్యాలో చెప్పే హక్కు అతనికి లేదు. ఒక పోటీలో రాబోయే ఫలితంలో ఒక భాగం మీద మాత్రమే అతనికి హక్కు. “నాలో పది శాతం” అన్నది మాటవరసకు వచ్చిన అతిశయోక్తి. కనక అమ్మకమన్న మాట వినగానే ముక్కుమీద వేలు వేసుకోవటం నీతివిచారం కాదు.

అయితే మాటలు ఊరికే పుట్టవు. ఈ సంగతి తరవాత చూద్దాం.

రెండవ సమాధానం ఉదారవాదిది. ఇద్దరు పెద్దమనుషులు బుద్ధిపూర్వకంగా ఒప్పందం చేసుకున్నారు, బలవంతం లేదు, మోసం లేదు, మూడోవాడికి నష్టం లేదు. ఇక నీతి ప్రసక్తి ఎక్కడిదంటాడు. ఈ వాదాన్ని దాని చివరిదాకా తీసుకుపోయినవాడు మిల్టన్ ఫ్రీడ్‌మన్. చదువుకునే యువకుడి భవిష్యత్ సంపాదనలో పెట్టుబడిదారులు వాటా కొనటానికి వీలుండాలని ఆయన 1955లో రాశాడు. ఆర్థికదృష్టితో ఇది మనిషి సంపాదనశక్తిలో వాటా కొనటమేననీ, ఆ మేరకు పాక్షికమైన బానిసత్వంతో సమానమనీ ఆయనే ఒప్పుకున్నాడు. ఒప్పుకుని కూడా అందులో అభ్యంతరం చూడలేదు. సమ్మతి ఉన్నది గదా! ఉదారవాదంలో సమ్మతి అన్న ఒక్క మాట గంగాస్నానం లాంటిది, దానితో కడుక్కుపోని పాపం లేదు.

సమ్మతి ఎటువంటి పరిస్థితుల్లో పుట్టిందని అడగటం ఉదారవాదికి ఇష్టముండదు. శూద్రకుడి మృచ్ఛకటికం రెండో అంకంలో సంవాహకుడనే ఒళ్లుపట్టేవాడు పది సువర్ణాలు జూదంలో ఓడి, జూదశాల యజమాని చేతికి చిక్కుతాడు. బాకీలో సగం ఒకరిని వదులుకోమంటాడు, మిగతా సగం మరొకరిని వదులుకోమంటాడు, ఇక బాకీ తీరిపోయింది గదా పోతానంటాడు. ఆ లెక్క సాగదు. తల్లిని అమ్ము, తండ్రిని అమ్ము అంటారు, వాళ్లు లేరు. అయితే నిన్ను నువ్వే అమ్ముకో అంటారు. నన్ను పది సువర్ణాలకు కొనండి బాబూ అని ఆ అభాగ్యుడు నడివీథిలో కేకలు వేస్తాడు. ఎవరూ కొనరు. ఆ కేక అతని నోట్లోంచే వచ్చింది, అతని గొంతుతోనే వచ్చింది. అది అతని సమ్మతి అనటానికి శాస్త్రం ఒప్పుతుందేమో గాని, నాటకం చూసిన ఏ ప్రేక్షకుడూ ఒప్పుకోడు.

3

రెండు సమాధానాలూ చాలవు. కారణమేమిటంటే, రెండూ వాటా అమ్మకాన్ని ఒకే వస్తువుగా చూస్తున్నాయి. నిజానికి ఆ పేరు కింద మూడు వేరువేరు సంబంధాలున్నాయి. వీటిని విడదీస్తే గాని నీతి అవినీతులు తేలవు.

మొదటిది సమానుల మధ్య మార్పిడి. ఇద్దరు ఆటగాళ్లు ఒకరి వాటా ఒకరు అయిదేసి శాతం పుచ్చుకుంటారు. ఎవరు గెలిచినా ఇంకొకడికి బత్తెం దొరుకుతుంది. మన చేపలవేటలో పడవలో పోయినవాళ్లు పట్టినది పాళ్లు వేసుకోవటంలో ఉన్న మానవత్వం ఇందులో ఉన్నది. ఆపదను పంచుకోవటం మనిషి సంఘజీవి అనటానికి మొదటి గుర్తు. దీన్ని ఆక్షేపించవలసిన అవసరం నాకు కనబడదు. ఒక్క షరతు ఉన్నది, అది తరవాత చెబుతాను.

రెండవది బహిరంగవిక్రయం. పేరున్న ఆటగాడు తన వాటాలను ముఖపరిచయం లేని పదిమందికీ ముఖవిలువ కన్నా ఎక్కువ ధరకు అమ్ముతాడు. దీనికి మార్కప్ అని పేరు. పది వేల డాలర్ల పోటీలో సగం వాటా అయిదు వేలు కావాలి. ఆటగాడు ఆరు వేలకు అమ్ముతాడు. నా నేర్పుకు ఆ వెయ్యి ఖరీదు అంటాడు. తప్పులేదు, నేర్పుకు విలువ ఉండకతప్పదు. కాని ధర రెట్టింపు చేశాడనుకోండి. సగం వాటాకు పది వేలు వస్తాయి. ప్రవేశరుసుము మొత్తం ఇతరులు పెట్టారు, సగం గెలుపు ఇతనిది, ఇతని డబ్బు ఒక్క డాలరు లేదు. ఇంకా ముందుకు పోదాం. నలభై మందికి తలా అయిదు శాతం అమ్మాడనుకోండి. అమ్మింది రెండువందల శాతం. ఇప్పుడు అతను గెలిస్తే సర్వనాశనం, ఓడితే లాభం. కొన్నవాళ్లందరూ అతని గెలుపు కోరుతుంటే అతను లోలోపల ఓటమి కోరుతుంటాడు. ఇక్కడ కొనేవాడికి ఆధారం అమ్మేవాడి మాట ఒక్కటే. తనలో ఎంత అమ్మాడో, ఎంత మిగిలిందో అమ్మినవాడికే తెలుసు.

అమ్మేవాడికి అమ్మే హక్కు మిగిలివున్నదా అన్న ఈ ప్రశ్నను మన సాహిత్యంలో మొట్టమొదట అడిగినది ద్రౌపది. ధర్మరాజు ముందు తన్ను ఓడి తరవాత నన్ను ఒడ్డాడా, లేక నన్ను ఒడ్డిన తరవాత తన్ను ఓడాడా అని ఆమె సభను నిలదీసింది. తనకే తాను యజమాని కానివాడు మరొకరిని ఎట్లా పందెం పెడతాడన్నది దాని సారాంశం. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమని తప్పుకున్నాడు. సూక్ష్మమేమీ లేదు. అది ఎంతో స్థూలమైన ప్రశ్న, సమాధానం చెబితే ఏలినవారికి కోపం వస్తుంది, అంతే. ఆ మాట సభలో పైకి అనగలిగినవాడు కౌరవుల్లో చిన్నవాడు వికర్ణుడు.

మూడవ సంబంధం అన్నిటికన్నా గట్టిగా ఆలోచించవలసింది. ధనవంతుడొకడు కొంతమంది ఆటగాళ్లను పోషిస్తాడు. ప్రతి పోటీకీ రుసుము అతనే కడతాడు, లాభం వస్తే సగం సగం. నష్టం వస్తే? నష్టం రాసిపెడతాడు. తరవాతి గెలుపులో ఆ పాత నష్టం మొత్తం తీరిన మీదటనే పంపకం. ఈ రాసిపెట్టిన నష్టానికి వాళ్లు పెట్టిన పేరు మేకప్. మన నాటకాలవాళ్ల మేకప్‌తో దీనికి సంబంధం లేదు గాని, అసలు ముఖాన్ని కప్పటంలో రెండూ ఒకటే.

లెక్క వేసి చూద్దాం. రుసుము పోటీకి పది వేలు. ఆటగాడు అయిదు పోటీలు వరసగా ఓడాడు. ఖాతాలో నష్టం యాభై వేలు. ఆరో పోటీకి మరో పది వేలు పెట్టారు, అరవై అయింది. అందులో యాభై వేలు గెలిచాడు. అదంతా పోషకుడికి పోయింది, ఇంకా పది వేలు బాకీ. ఏడో పోటీ రుసుముతో కలిసి ఇరవై అయింది. అందులో ముప్ఫై వేలు గెలిచాడు. ఇరవై పోను మిగిలిన పదివేలు చెరి సగం. ఏడు పోటీలు ఆడి, రెండుసార్లు బహుమానం గెలిచి, ఎనభై వేలు సంపాదించిన ఆటగాడి చేతికి అయిదు వేలు వచ్చాయి.

పోషకుడికి కూడా అయిదు వేలే మిగిలాయి గదా, ఇందులో అన్యాయమేమున్నదని అడుగుతారు. పైగా ఆటగాడు మధ్యలో ఆట మానేసి పోతే మునిగేది అతనే కదా అంటారు. నిజమే. అంకెలన్నీ సరిగానే ఉన్నాయి. కాని ఆ ఖాతా పుస్తకంలో ఏమేమి రాశారో చూడండి. పెట్టుబడి పోగొట్టుకున్న ప్రతి డాలరూ రాశారు, అది తిరిగి వచ్చేదాకా పంపకం లేదన్నారు. ఆటగాడు పోగొట్టుకున్నవేవి? ఏడు పోటీలకు పట్టిన నెలలు, నిద్రలేని రాత్రులు, ఆ నెలల్లో తిన్న తిండి, ఇంటి అద్దె. ఇవి ఏ ఖాతాలోనూ లేవు. సొమ్ము నష్టపోతే నష్టం, మనిషి నష్టపోతే అది నష్టం కాదు. ఈ సంబంధంలోని అన్యాయమంతా ఈ రాయని పద్దుల్లో ఉన్నది.

ఇది మన పల్లెటూళ్లకు తెలియని లెక్క కాదు. భూస్వామి విత్తనం, ఎద్దులు ఇచ్చి పాలుకు సేద్యం చేయించుకుంటాడు. పంట పండితే ముందు విత్తనం, అప్పు మినహాయింపు, తరవాత పంపకం. పండకపోతే బాకీ మరుసటి ఏటికి. రైతు కాయకష్టం మినహాయింపుల్లో ఎన్నడూ చేరదు. నైజాము రాజ్యంలో భగేలా ఇట్లాంటి ఖాతా నుంచే పుట్టాడు. తీరని అప్పు తండ్రి నుంచి కొడుక్కు దిగింది. మన పార్లమెంటు వెట్టిచాకిరీ రద్దు చట్టం చేసింది 1976లో గాని కాదు. పోకర్ ఆటగాడు భగేలా అని నేననను. అతను రేపు ఆట మానెయ్యవచ్చు. అతని కొడుకును ఎవరూ పట్టుకుపోరు. కాని మరో పోషకుడి దగ్గరకు పోదలిస్తే, కొన్ని ఒప్పందాల్లో, ఆ కొత్తవాడు పాత బాకీ చెల్లించి ఇతన్ని విడిపించుకోవాలి. మనిషి చేతులు మారుతున్నాడు, బాకీ అతని వెంట పోతున్నది. పోలిక పూర్తిగా పొసగదు, అయినా పోలికలు ఊరికే కనబడవు.

మాటలు ఊరికే పుట్టవని ఇందాక అన్నాను. ఇట్లా పోషణలో ఉన్న ఆటగాణ్ణి పోకర్ పరిభాషలో గుర్రం అంటారు. అటువంటివాళ్లు పదిమంది ఉన్న పోషకుడికి గుర్రపుశాల ఉన్నదంటారు. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో పందెంకోడికి కత్తి కట్టి బరిలో దింపుతారు. చుట్టూ పై పందేలు వేస్తారు. కోడికి ఆ పందేలతో సంబంధం లేదు. గుర్రమన్న మాటకు పోషకుడు నవ్వుతాడు, ఆటగాడూ నవ్వుతాడు. ఇద్దరి నవ్వూ ఒకటి కాదు.

4

ఇంతవరకూ కొన్నవాడూ అమ్మినవాడూ అన్న ఇద్దరినే చూశాం. పేకబల్ల దగ్గర మూడోవాడున్నాడు. ఉదారవాది అతనికి నష్టం లేదన్నాడు. ఇది విచారించాలి.

హస్తినాపురపు జూదంలో ఒక విశేషాన్ని మనం తరచు మరిచిపోతాం. పందెం సొమ్ము దుర్యోధనుడిది, పాచికలు వేసినది శకుని. ధనరత్నాలు నేనిస్తాను, నా తరఫున మామ ఆడతాడు అని దుర్యోధనుడు ప్రకటించాడు. ఒకడి కోసం మరొకడు ఆడటం తనకు విషమంగా తోస్తున్నదని ధర్మరాజు అప్పుడే అన్నాడు, అని కూడా కూర్చున్నాడు. అంటే పెట్టుబడి ఒకడిది, నేర్పు ఒకడిది అయిన జూదం మన మహాభారతంలోనే ఉన్నది. దాని మీద ఆక్షేపణ కూడా అక్కడే ఉన్నది. శకుని మోసగాడే కావచ్చు. కాని ఒక్క విషయంలో ఆ సభ నేటి పేకబల్లకన్నా నిజాయితీ గలది. శకుని వెనక ఎవరున్నారో ఎదుటివాడికి చెప్పారు.

నేటి బల్ల దగ్గర కూర్చున్న తొమ్మిదిమందిలో ఇద్దరు ఒకే గుర్రపుశాలకు చెందినవాళ్లు కావచ్చు. ఇద్దరి గెలుపులోనూ సగం ఒకే మనిషిది. వాళ్లు ఒకరి నొకరు గట్టిగా ఎదుర్కోవటం వల్ల ఆ మనిషికి లాభం లేదు. సైగ చేసుకోనక్కరలేదు, మాట్లాడుకోనక్కరలేదు. చెయ్యి కొంచెం మెత్తబడితే చాలు. తన జీతం డబ్బుతో వచ్చి కూర్చున్న మూడోవాడు ఎనిమిదిమంది ప్రత్యర్థులతో ఆడుతున్నాననుకుంటున్నాడు. స్నేహితుల మార్పిడికి నేను పెట్టిన షరతు ఇదే. మీ వాటాలు బల్ల చుట్టూ ఉన్నవాళ్లకు తెలియాలి. ఎవరెవరిలో ఎవరికి వాటా ఉన్నదో దాచి ఆడిన ఆట, ముక్కలు దాచి ఆడిన ఆటకన్నా మెరుగేమీ కాదు.

మాట తప్పటం గురించి కూడా ఒకటి చెప్పాలి. 2006 ప్రపంచపోటీలో జేమీ గోల్డ్ కోటీ ఇరవై లక్షల డాలర్లు గెలిచాడు. సగం నాకిస్తానని మాట ఇచ్చాడని మరొకాయన దావా వేశాడు. గోల్డ్ టెలిఫోనులో వదిలిన సందేశం ఆ దావాకు ఆధారమయింది. సగం సొమ్ము చెల్లింపును న్యాయస్థానం కొంతకాలం ఆపింది. 2007లో ఇద్దరూ రాజీపడ్డారు. ఈ వ్యాపారంలో చాలాభాగం నోటిమాట మీద నడుస్తుంది. మన దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను పందెపు ఒప్పందాలు చెల్లవంటున్నది. అటువంటి చోట మాట నిలబెట్టుకునేవాడి నీతిని నేను తక్కువ చెయ్యను. చట్టం లేనిచోట మాట నిలబెట్టుకోవటం పెద్దగుణమే. కాని మాట నిలబెట్టుకున్నంతలో ఇచ్చిన మాట న్యాయమయినదై పోదు. హరిశ్చంద్రుడు మాట నిలబెట్టుకున్నాడు, అమ్ముడుపోయినది చంద్రమతి.

5

ఇప్పుడు మొదటి ఆక్షేపణకు వద్దాం. ఈ వాటాలన్నీ ఎక్కడి సొమ్ములోంచి వస్తున్నాయి? రైతు పాళ్లు పంచుకున్నా, జాలరి పాళ్లు పంచుకున్నా అక్కడ ధాన్యమున్నది, చేప ఉన్నది. పేకబల్ల మీద ఒక్క గింజ పుట్టదు. గెలిచినవాడి ప్రతి డాలరూ ఓడినవాడి జేబులోది, అందులోంచి కూడా ముందుగా జూదశాల తన వంతు తీసుకుంటుంది. మనీమేకర్ గెలిచినప్పుడు మిగతా 838 మందిలో ఎక్కువమంది ఉత్తచేతులతో ఇంటికి పోయారు. గనక అతనిలో వాటా కొనటమంటే వాళ్ల ఓటమిలో వాటా కొనటమే. పంపకం ఎంత న్యాయంగా జరిగినా ఈ మరక పోదు.

ఆశ్చర్యమేమిటంటే, మన న్యాయస్థానం ఈ మరక ఉన్న చోటును ఒకప్పుడు బాగానే పట్టుకున్నది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద వచ్చిన కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీలో నేర్పు పాలు ఎక్కువ గనక అది కేవలం జూదం కాదన్నది. అందరికీ గుర్తున్న మాట అదే. ఇతరులు డబ్బు పెట్టి ఆడే ఆట మీద క్లబ్బు యజమాని లాభం తీస్తున్నట్టు సాక్ష్యముంటే నేరం కావచ్చునని అదే తీర్పులో ఉన్నది. దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఆడేవాడికన్నా పక్కన నిలబడి దండుకునేవాడి మీద దృష్టి పెట్టాలన్న వివేకం ఆ వాక్యంలో ఉన్నది. తరవాత 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ ఆన్‌లైన్ రమ్మీ వంటి ఆటలను నిషేధిస్తూ చట్టాలు సవరించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది.

నిషేధంతో ప్రశ్న తీరిపోయిందా? తీరలేదు. జూదశాల తలుపు మూసినా వాటాల సంబంధం లోపల ఉండిపోలేదు, బయటకు వచ్చి బడికి పోయింది. ఫ్రీడ్‌మన్ 1955లో రాసిన ఊహను అమెరికాలో ఆచరణలో పెట్టారు. యేల్ విశ్వవిద్యాలయం 1971లో, పర్డ్యూ విశ్వవిద్యాలయం 2016లో విద్యార్థుల రాబోయే ఆదాయంలో శాతం తీసుకునే పథకాలు మొదలుపెట్టాయి. యేల్ ఆ దశాబ్దం దాటకుండానే మానుకున్నది, పర్డ్యూ 2022లో కొత్త ఒప్పందాలు ఆపింది. పథకాలు ఆగాయి, ఆలోచన ఆగలేదు.

మన తెలుగు కుటుంబాలకు ఇది దూరపు సంగతి కాదు. అమెరికా పోయిన ఇంజనీర్లలో ఎంతోమందికి కన్సల్టెన్సీల లెక్క తెలుసు. క్లయింటు గంటకు ఇచ్చే సొమ్ములో డెబ్భై నీకు, ముప్ఫై మాకు. ఉద్యోగం లేని నెలల్లో ఆకలి నీది, ఉద్యోగమున్న ప్రతి గంటలోనూ వాటా మాది. ఈ వ్యాపారానికి బాడీ షాపింగ్ అని పేరు. గుర్రమన్న మాటకు ఇది తోబుట్టువు. షియాంగ్ బియావ్ అనే మానవశాస్త్రజ్ఞుడు 2007లో ప్రచురించిన గ్రంథంలో ఆంధ్రదేశపు సాఫ్ట్‌వేర్ పనివాళ్ల మీద ఈ వ్యాపారాన్ని పరిశీలించి, దాని వెనక ఉన్న కుటుంబాల పెట్టుబడినీ కట్నాలనూ కూడా చూపించాడు. అంటే ఆ కుర్రవాడి తెర వెనక కన్సల్టెన్సీ ఉన్నది, అతనికి కట్నమిచ్చిన మామగారున్నారు, ఆ కట్నానికి అమ్ముడుపోయిన పొలమున్నది. అతని జీతంలో ఎవరి వాటా ఎంతో లెక్క తీస్తే అతనికి మిగిలే శాతమెంత? ఈ లెక్కను పేకబల్ల దాచుకోకుండా చూపిస్తున్నది. అభ్యుదయవాదులు దాన్ని విచారించవలసిన కారణమిదే.

ఇక తేలినదేమిటి? మనిషి అమ్మకానికి పెట్టినది తన రాబోయే ఫలితంలో భాగమే అయినప్పుడు, కేవలం అమ్మకమన్న కారణంతో దాన్ని నిందించలేం. సమ్మతి ఉన్నదన్న కారణంతో సమర్థించనూ లేం. అడగవలసిన ప్రశ్నలు నాలుగు. నష్టం రాసే పుస్తకంలో మనిషి నష్టం కూడా రాస్తున్నారా? బాకీ మెడకు తగలకుండా అతను లేచి పోగలడా? బల్ల చుట్టూ ఉన్న అందరికీ వాటాలు తెలుసునా? పంచుకుంటున్న సొమ్ము ఎవరి చేతుల్లోంచి వచ్చింది? స్నేహితుల మార్పిడి మొదటి రెండు ప్రశ్నలకూ నిలుస్తుంది, దాపరికం లేకపోతే మూడోదానికీ నిలుస్తుంది. గుర్రపుశాల మొదటి ప్రశ్న దగ్గరే పడిపోతుంది. నాలుగో ప్రశ్నకు జూదమనేది ఏ రూపంలోనూ నిలవదు. అయితే కన్సల్టెన్సీ కుర్రవాడు జూదరి కాడు, అతను నిజంగా పనిచేస్తున్నాడు. అతని విషయంలో నాలుగో ప్రశ్నకు సమాధానం అతని చేతుల్లోంచే అని వస్తుంది. అందుకే అక్కడ అన్యాయం ఇంకా పెద్దది.

ఆపదను ఒంటరిగా మొయ్యలేకనే మనిషి తనలో వాటాలు అమ్ముతున్నాడు. కనక ఆపదను ఎవరు మొయ్యాలన్నది అసలు ప్రశ్న. చదువుకు, జబ్బుకు, పనిలేని నెలలకు సమాజం పూచీపడితే పేదపిల్లవాడికి షావుకారుతో పని ఉండదు. అందరం అందరి ఆపదలోనూ వాటాదారులం కావటానికి సోషలిజమని పేరు. దాన్ని అసాధ్యమని కొట్టిపారేసేవాళ్లు, ఒక్కొక్క మనిషిని నూరు ముక్కలు చేసి అమ్మటం మాత్రం ఎంతో సులభంగా సాధించారు. మన విద్యార్థులు ఉద్యోగపు ఒప్పందాల మీద సంతకం పెట్టేముందు పైన చెప్పిన నాలుగు ప్రశ్నలూ అడగటం నేర్చుకోవాలి. ఒక్కొక్కరుగా అడిగితే జవాబు రాదు, కలిసి అడగాలి. ద్రౌపది సభలో ఒంటరిగా అడిగింది, పెద్దలందరూ తలలు వంచుకుని కూర్చున్నారు. ఆమె వెంట నూరుగురు లేచి అడిగివుంటే భీష్ముడికి ధర్మం అంత సూక్ష్మంగా కనబడేది కాదు.